రక్తం కలిసినా మూలుగ ఎందుకు కలవదు?

గత శీతకాలంలో ఒక సాయంత్రం, అసర్ నమాజు ముగిసిన తరువాత, మా మదరసాకు ఒక కుటుంబం వచ్చింది. మా వద్ద ఖుర్ఆన్ కంఠస్థం చేస్తున్న పదమూడేళ్ళ విద్యార్థి తండ్రి, అతని వృద్ధ మాతృమూర్తి, ఆమె ఒడిలో ఐదేళ్ళ పసివాడు. ఆ పసివాడు మా విద్యార్థికి తమ్ముడు. పుట్టిన కొన్ని నెలలకే వాడికి థలసీమియా ఉన్నదని తేలింది. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించకపోతే వాడి ముఖం పాలిపోతుంది, ఆట మానేసి గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఎముక మూలుగ మార్పిడి చేస్తే ఈ బాధ నుంచి విముక్తి కలగవచ్చునని, ముందుగా తోబుట్టువులకు పరీక్షలు చేయించమని వైద్యులు చెప్పారట.

దాదీ మా ఎదుట పెట్టిన ప్రశ్న ఇది. “మౌల్వీ సాబ్, నా రక్తం గ్రూపూ వాడి రక్తం గ్రూపూ ఒక్కటే. నేను ఇంకెన్నాళ్ళుంటాను? నా మూలుగ తీసి వాడికి పెట్టండంటే డాక్టరు కుదరదంటున్నాడు. దాదీది మనవడికి కలవకపోవడమేమిటి? మీరైనా వాళ్ళకొక మాట చెప్పండి.”

మాకు జవాబు తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా అరబీ వ్యాకరణమూ ఫిఖ్హ్ పాఠాలూ చెప్పుకుంటూ వచ్చిన మాకు ఎముక మూలుగ సంగతులు ఎక్కడ తెలుస్తాయి? తెలియని విషయంలో “తెలియదు” అనడం మా గురువులు మాకు నేర్పిన తొలి పాఠం. ఆ మాటే చెప్పి, కనుక్కుంటామని మాట ఇచ్చాము. మా పూర్వ విద్యార్థి ఒకరి కుమార్తె వైద్య కళాశాలలో అధ్యాపకురాలు. ఆమె తండ్రి సమక్షంలో, నాలుగైదు శుక్రవారాలు ఆమె ఎదుట మేము శిష్యులమై కూర్చున్నాము. దాదీ అడిగిన చిన్న ప్రశ్నకు సమాధానం శరీరంలోని ప్రతి కణం లోపలికీ దారి తీస్తుందని అప్పుడు తెలిసింది. తెలుసుకున్నది పాఠకుల ముందు ఉంచుతున్నాము.

తలుపు మూసిన ఇల్లు

వైరస్ దానంతట అది సంతానం పెంచుకోలేదు. దానికి ఒక జీవకణం కావాలి. కణంలోకి చొరబడి, మాంసకృత్తులను తయారుచేసే అక్కడి యంత్రాంగాన్ని తన పనికి వాడుకుంటుంది. రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలు వైరస్‌ను పట్టుకోగలవు, కాని అది కణం వెలుపల ఉన్నంతసేపే. లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్న తరువాత ప్రతిరక్షకాలకు అది చిక్కదు.

అప్పుడు పని పడేది టి-కణాలకు. తెల్లరక్తకణాలలో ఇవి ఒక జాతి. వైరస్ సోకిన కణాన్ని గుర్తించి, ఆ కణాన్నే అంతమొందించడం వీటిలో ఒక తెగ పని. అయితే టి-కణానికీ గోడల గుండా చూసే శక్తి లేదు. తలుపు మూసి ఉన్న ఇంటిలో దొంగ దాగి ఉన్నాడని వీధిలో పోయే కాపలాదారుకు ఎలా తెలుస్తుంది?

మన పాత వీధులను తలచుకోండి. ఏ ఇంట్లో ఏమి వండారో తలుపు తట్టి అడగనక్కరలేదు. గడప పక్కన పెట్టిన తుక్కు చూస్తే చాలు. చేపల పొలుసులుంటే చేపలు, వెల్లుల్లి పొట్టుంటే మసాలా. మన కణాలు అక్షరాలా ఇదే పని చేస్తున్నాయి. లోపల తయారవుతున్న ప్రతి రకం మాంసకృత్తులోనూ కొంత భాగాన్ని తునకలు చేసి, ఆ తునకలను పళ్ళెంలో పెట్టి, గుమ్మం బయట నిరంతరం ప్రదర్శిస్తూ ఉంటాయి. దారిన పోయే టి-కణాలు ఆ పళ్ళేలను తడిమి చూస్తూ సాగిపోతాయి. అన్నీ ఇంటివారి తునకలే అయితే పేచీ లేదు. వాటి మధ్య పరాయి తునక ఒకటి కనిపించిందంటే, లోపల దొంగ ఉన్నట్లే.

కాన్‌బెర్రాలో తేలిన సంగతి

ఈ సత్యం ఒక్కరోజులో తేలలేదు. 1973లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఇద్దరు యువ పరిశోధకులు ఎలుకలపై ప్రయోగాలు చేస్తున్నారు. ఒకరు పశువైద్యం చదివిన ఆస్ట్రేలియావాసి పీటర్ డోహర్టీ, మరొకరు స్విట్జర్లాండ్ వైద్యుడు రోల్ఫ్ జింకర్‌నాగెల్. మెదడు పొరలకు వాపు తెచ్చే ఒక వైరస్‌ను ఎలుకలకు సోకించి, వాటి టి-కణాలను తీసి, అదే వైరస్ సోకిన ఇతర కణాల మీద వదిలారు. ఫలితం వింతగా వచ్చింది. అదే వంశానికి చెందిన ఎలుక కణాలైతే టి-కణాలు వాటిని చంపాయి. వేరే వంశపు ఎలుక కణాలైతే, అదే వైరస్ సోకి ఉన్నా, పట్టించుకోలేదు.

దీని అర్థమేమిటి? టి-కణం వైరస్‌ను ఒంటరిగా చూడడం లేదు. వైరస్‌తో పాటు తన స్వంత శరీరపు గుర్తును కూడా కలిపి చూస్తున్నది. పైన మేము చెప్పిన పళ్ళెమే ఆ గుర్తు. మరుసటి ఏడాది ప్రకటించిన ఈ పరిశోధనకు 1996లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఆ గుర్తు అంతకుముందే శాస్త్రవేత్తలకు తెలుసు, కాని మరొక రూపంలో. ఒకరి చర్మమో అవయవమో మరొకరికి అతికిస్తే శరీరం తిరస్కరించడానికి కారణం కొన్ని ప్రత్యేక అణువులని కనుగొన్నారు. మానవులలో వాటిలో మొదటిదాన్ని 1958లో ఫ్రాన్స్ వైద్యుడు జాన్ దోసే గుర్తించాడు. వాటినే నేడు హెచ్.ఎల్.ఏ. అణువులంటారు. కాని ఒక చిక్కు మిగిలింది. ప్రకృతిలో ఎవరి అవయవాన్నీ ఎవరూ అతికించరు కదా, మరి ఇతరుల అవయవాలను తిరస్కరించే అణువులు శరీరంలో ఎందుకున్నాయి? కాన్‌బెర్రా ప్రయోగం దానికి సమాధానం చెప్పింది. అవి ఉన్నది తిరస్కరించడానికి కాదు, లోపలి సంగతి బయటకు చూపడానికి. అవయవ మార్పిడిని అడ్డుకోవడం దాని వెంట వచ్చిన పర్యవసానం మాత్రమే.

1986లో ఆక్స్‌ఫర్డ్‌లో అలైన్ టౌన్‌సెండ్ బృందం, టి-కణం చూసేది వైరస్ మాంసకృత్తును మొత్తంగా కాదని, దాని చిన్న తునకనేనని ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ద్వారా నిరూపించింది. 1987లో అమెరికాలోని హార్వర్డ్‌లో పమేలా బ్యోర్క్‌మన్, ఆమె సహచరులు ఒక హెచ్.ఎల్.ఏ. అణువు ఆకృతిని ఎక్స్ కిరణాలతో చూడగలిగారు. దాని పైభాగంలో ఇరువైపులా గట్లు, నడుమ ఒక గాడి. ఆ గాడిలో ఏదో ఇరుక్కుని ఉన్నది. అదే తునక.

తునకల ప్రయాణం

ఈ తునకలను పెప్టైడ్‌లంటారు. అవి తయారై గుమ్మం చేరే మార్గం ఇలా ఉంటుంది.

కణంలో మాంసకృత్తులు నిత్యం తయారవుతూ, పాతబడినవీ సరిగా మడత పడనివీ నిత్యం తొలగిపోతూ ఉంటాయి. తొలగవలసినవాటికి ఉబిక్విటిన్ అనే చిన్న మాంసకృత్తు చీటీలా అతుక్కుంటుంది. ఈ చీటీ వ్యవస్థను వెలికితీసిన సీఖనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో నోబెల్ దక్కింది. చీటీ పడిన మాంసకృత్తు ప్రోటియాజోమ్ అనే పీపా వంటి నిర్మాణంలోకి వెళుతుంది. ఏడేసి భాగాలున్న నాలుగు వలయాలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే ఈ పీపా నడిమి భాగంలోనే కత్తిరింపు జరుగుతుంది. వైరస్ తన కోసం చేయించుకున్న మాంసకృత్తులకూ ఇదే గతి.

బయటపడిన తునకలలో అధికభాగం మరింత చిన్నవై అమైనో ఆమ్లాలుగా విడిపోయి, కొత్త మాంసకృత్తుల తయారీకి ఉపయోగపడతాయి. కొద్ది తునకలు మాత్రం ‘టాప్’ అనే ద్వారం గుండా, కణంలో అంతర్జీవద్రవ్య జాలం అనే గదిలోకి ప్రవేశిస్తాయి. అక్కడ హెచ్.ఎల్.ఏ. అణువులు ఖాళీ పళ్ళేలతో ఎదురుచూస్తుంటాయి. మరికొన్ని అణువులు పక్కన నిలిచి వాటిని పట్టుకుని ఉంటాయి, ఎందుకంటే ఖాళీ పళ్ళెం నిలకడగా ఉండలేదు. తునక పొడవుగా ఉంటే అంచులు కత్తిరించి సరిచేస్తారు. సాధారణంగా ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల పొడవున్న తునకే గాడిలో సరిగా అమరుతుంది. గట్టిగా అమరిన తరువాతనే పళ్ళానికి గడప దాటే అనుమతి.

ఒక్కొక్క కణం ఉపరితలంపై ఇటువంటి పళ్ళేలు వేల నుంచి లక్షల వరకు ఉంటాయి. వాటిలో పరాయి తునక ఉన్నవి కొన్ని మాత్రమే అయినా టి-కణం పసిగట్టగలదు. గుర్తించిన మరుక్షణం ఆ కణానికి గట్టిగా ఆనుకుని, దాని పొరకు రంధ్రాలు చేసే పదార్థాన్నీ, లోపలికి వెళ్ళి మరణాన్ని ప్రారంభించే పదార్థాన్నీ విడుస్తుంది. కణం తనలోని వైరస్‌తో సహా అణగిపోతుంది.

అయితే ఇంతవరకు యుద్ధం చూడని టి-కణానికి ఆ శత్రువును ముందుగా పరిచయం చేసేవారుండాలి. ఆ బాధ్యత డెండ్రైటిక్ కణాలది. 1973లో న్యూయార్క్‌లో రాల్ఫ్ స్టెయిన్‌మన్ వీటిని లోకానికి తెలియజేశాడు. ఇవి రోగం సోకిన చోటి నుంచి తునకలు సేకరించి సమీపంలోని శోషరస గ్రంథులకు చేరి, అక్కడ టి-కణాలకు చూపుతాయి. గొంతు నొప్పి వచ్చినపుడు దవడ కింద బిళ్ళలు కట్టడం ఈ సమావేశపు సందడే. కోవిడ్ కాలంలో మనలో చాలామంది తీసుకున్న కోవిషీల్డ్ టీకా చేసిన పని కూడా ఈ పద్ధతిని వాడుకోవడమే. వైరస్ పైముల్లును తయారుచేసే సూచనను అది మన కణాలకు అందించింది. మన కణాలు ఆ ముల్లును తయారుచేసి, తునకలు చేసి, పళ్ళేలలో చూపి, టి-కణాలను ముందే సిద్ధం చేశాయి.

కఠినమైన పరీక్ష

టి-కణాలు పొరబడి ఇంటివారి తునకలనే శత్రువుగా భావిస్తే? అందుకే వాటికి శిక్షణాలయం ఉన్నది. రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి అది. దాని అవసరాన్ని 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త ఎలుకలలో నిరూపించాడు. అక్కడ ప్రతి టి-కణానికీ రెండు పరీక్షలు. స్వంత శరీరపు పళ్ళేన్ని గుర్తించగలగాలి, గుర్తించలేనిది పనికిరాదు. స్వంత తునకలను చూసి ఆవేశపడకూడదు, ఆవేశపడేది ప్రమాదకరం. నూటికి తొంభై ఐదుకు పైగా ఈ పరీక్షలలో తప్పి అక్కడే నశిస్తాయి. మా మదరసాలో ఇంత కఠినమైన పరీక్ష పెడితే తరగతులన్నీ ఖాళీ అయిపోయేవి!

వైరస్‌లూ ఊరుకోవు. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ తునకలు వెళ్ళే టాప్ ద్వారాన్నే మూసివేస్తుంది. సైటోమెగలో వైరస్ పళ్ళేలను గడప చేరకముందే ధ్వంసం చేయిస్తుంది. దానికీ విరుగుడున్నది. సహజ హంతక కణాలనే మరొక దళం పళ్ళెంలో ఏమున్నదని చూడదు, అసలు పళ్ళెం ఉన్నదా లేదా అని చూస్తుంది. గడప ముందు ఏమీ లేని ఇల్లు కూడా అనుమానించదగినదే. ఈ సూత్రాన్ని 1980వ దశకంలో స్వీడన్ శాస్త్రవేత్త క్లాస్ కార్రె వివరించాడు.

ఒకరి పళ్ళెం ఒకరికి చెందదు

ఇక దాదీ ప్రశ్నకు వద్దాము.

హెచ్.ఎల్.ఏ. పళ్ళేలు అందరిలో ఒకే ఆకారంలో ఉండవు. మానవాళి మొత్తంలో వీటికి వేల రూపాలున్నాయి. ఒక్కొక్క రూపంలో ఒక్కొక్క రకం తునకలే అమరుతాయి. అందరికీ ఒకే పళ్ళెం ఉంటే, అందులో అమరని తునకలు గల వైరస్ ఒక్కటి పుట్టినా ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయేవి. ఈ వైవిధ్యం మానవజాతికి రక్షణ. కాని మూలుగ మార్పిడి అవసరమైన రోగికి అదే వైవిధ్యం అడ్డుగోడ. ఇతరుల పళ్ళేలను మన టి-కణాలు పరాయివిగా చూస్తాయి. మూలుగ విషయంలో మరొక ప్రమాదం కూడా ఉన్నది. దాత మూలుగతో దాత టి-కణాలూ వస్తాయి. పళ్ళేలు కలవకపోతే అవి రోగి శరీరాన్నే పరాయి ఇల్లుగా భావించి దాడి చేస్తాయి.

మరి రక్తం ఎక్కించేటప్పుడు గ్రూపు కలిస్తే ఎలా సరిపోతున్నది? ముదిరిన ఎర్రరక్తకణాలలో కేంద్రకం ఉండదు, అవి కొత్తగా మాంసకృత్తులు చేయవు, గడప ముందు పళ్ళేలూ దాదాపుగా పెట్టవు. కనుక వాటి విషయంలో చూడవలసింది గ్రూపు మాత్రమే. మలేరియా పరాన్నజీవి ఈ ఎర్రకణాలలోనే దాగడం వల్ల హంతక టి-కణాల కంట పడకుండా తప్పించుకోగలుగుతుంది. రక్తం గ్రూపూ హెచ్.ఎల్.ఏ. రూపమూ వేర్వేరు వారసత్వాలు. మొదటిది కలిసినంత మాత్రాన రెండవది కలవదు. గ్రూపు వేరైనా, హెచ్.ఎల్.ఏ. కలిసిన వ్యక్తి నుంచి మూలుగ తీసుకునే మార్గం వైద్యులకున్నది.

హెచ్.ఎల్.ఏ. జన్యువులు ఆరవ క్రోమోజోములో పక్కపక్కనే ఉంటాయి. సాధారణంగా ఒక కట్టగా బిడ్డకు సంక్రమిస్తాయి. తండ్రి వద్ద రెండు కట్టలు, తల్లి వద్ద రెండు. ప్రతి బిడ్డకూ ఒక్కొక్కరి నుంచి ఒక్కొక్క కట్ట. అందుచేత ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. తల్లితోనూ తండ్రితోనూ కలిసేది సగమే. దాదీ విషయంలో ఆ సగం కలిసే అవకాశం కూడా రెండింట ఒకటే. సగం కలిసినవారి నుంచి మార్పిడి చేసే పద్ధతులు నేడున్నా, పూర్తిగా కలిసిన తోబుట్టువు దొరికితే వైద్యులు ముందుగా చూసేది వారినే.

ఈ లెక్కంతా మేము దాదీకి తుక్కు ఉపమానంతోనే చెప్పాము. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, “అయితే నా ప్రేమలో లోటు లేదన్నమాట” అన్నది. లేదని చెప్పాము.

నాలుగింట ఒకటి

పసివాడికి ఇద్దరు తోబుట్టువులు. మా విద్యార్థి, పంతొమ్మిదేళ్ళ అక్క. ఇద్దరిలో కనీసం ఒకరు కలిసే అవకాశం పదహారింట ఏడు, అంటే సగానికి తక్కువే. పరీక్షలో మా విద్యార్థి కలవలేదు. అక్క కలిసింది.

సంతోషించవలసిన చోట ఇంట్లో కలవరం మొదలైంది. ఆ అమ్మాయికి మేనత్త కుమారునితో సంబంధం నిశ్చయమై ఉన్నది. మూలుగ ఇస్తే బలహీనమవుతుందని, రేపు సంతానం విషయంలో ఇబ్బంది వస్తుందని బంధువులలో కొందరు భయపెట్టారు. వైద్యులు స్పష్టంగా చెప్పారు. తీసేది కొద్ది భాగమే, అది కొన్ని వారాలలో తిరిగి పూడుకుంటుంది, సంతానానికి దానితో సంబంధం లేదు. ధర్మసందేహం అడిగినవారికి మేము మరొక సంగతి గుర్తుచేశాము. రక్తం, చర్మం వలె తనంతట తాను తిరిగి పెరిగే శరీరభాగాన్ని, పూర్తి అర్హత గల వ్యక్తి ఇవ్వవచ్చునని 1988లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. ఆ అమ్మాయిని తండ్రి ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాడు. “తమ్ముడికి ఇస్తాను అబ్బా” అన్నదట, ఆలోచించుకోవడానికి సమయం కూడా అడగకుండా.

ఈ పరీక్షలలోనే ఆమెకు థలసీమియా లక్షణం ఒక పాలు ఉన్నదని కూడా తెలిసింది. ఆమెకు దానివల్ల జబ్బు లేదు, దానం చేయడానికి ఆటంకమూ లేదు. కాని వరునికీ అదే లక్షణం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు వ్యాధి భయం. రక్తసంబంధీకుల మధ్య వివాహమైతే ఇద్దరిలోనూ అదే లక్షణం ఉండే అవకాశం మరింత ఎక్కువ. వరుడు పెద్దలతో వాదించి మరీ రక్తపరీక్ష చేయించుకున్నాడు. ఫలితం వారి ఇంటి విషయం. పరీక్ష నికాహ్‌కు ముందే జరిగిందన్నదే ఇక్కడ చెప్పదగినది. వివాహం నిశ్చయించేటప్పుడు మహర్, కట్నకానుకలు, విందుల గురించి గంటల తరబడి మాట్లాడుకునే మనం, ఒక చిన్న రక్తపరీక్ష గురించి మాట్లాడడానికి సిగ్గుపడడం ఇకనైనా మానాలి. ఇంట్లో ఆరోగ్యవంతులైన యువతీయువకులుంటే మూలుగ దాతల పట్టికలో పేరు నమోదు చేయించుకోవడమూ ఆలోచించదగినది. చెంప లోపలి నుంచి దూదితో తీసే నమూనా చాలు. ఒకే ప్రాంతపు మూలాలున్నవారి మధ్య హెచ్.ఎల్.ఏ. కలిసే అవకాశం ఎక్కువ కనుక, మన ప్రాంతపు రోగికి మన ప్రాంతపు దాత దొరికే ఆశ ఎక్కువ.

మార్పిడి ఇంకా జరగలేదు. సన్నాహాలు సాగుతున్నాయి. దానికి తనవైన ప్రమాదాలున్నాయని వైద్యులు దాచకుండా చెప్పారు. కుటుంబం దుఆ చేస్తూ, ఖర్చు సమకూర్చుకుంటూ ఉన్నది.

పరీక్ష ఫలితం వచ్చిన రాత్రి మా విద్యార్థి పాఠం అప్పగించలేకపోయాడు. ఎప్పుడూ తడబడని చోట మూడుసార్లు తడబడ్డాడు. కారణం అడిగితే, తల వంచుకుని, “ఉస్తాద్, నాది ఎందుకు కలవలేదు? నేనేమైనా తప్పు చేశానా?” అన్నాడు. నాలుగు కట్టలలో ఏ రెండు ఎవరికి దక్కాలో ఎవరి చేతిలోనూ లేదని, అక్కకూ తమ్ముడికీ అవే రెండు దక్కాయని, అందులో తప్పొప్పులు లేవని చెప్పాము. వాడు కాసేపు ఆలోచించి, “అయితే నేను రక్తం ఇవ్వవచ్చా?” అని అడిగాడు. పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత ఇవ్వవచ్చునని చెప్పాము. ఇంకెన్నేళ్ళున్నాయో వేళ్ళపై లెక్కపెట్టుకుని, పాఠం మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.